బాపు చెంప మీది మోదుగు రంగు

దయ్యాలున్నాయని ఎవరైనా అంటే, "ఉంటే వాటికీ ఆధార్ కార్డు ఇచ్చేవాళ్లు గదా" అని ఎకసెక్కాలాడే మనిషిని నేను. పెళ్లికి ముందు, పెళ్లయ్యాక కూడా కొన్నేళ్లు బడిలో సైన్స్ చెప్పాను. దిష్టి తీసి పారబోసిన ఎర్రనీళ్లు రోడ్డు మీద కనిపిస్తే అందరూ చుట్టు తిరిగి పోతారు. నేను కావాలనే దాటి పోయేదాన్ని. మా చిన్నమ్మ వెనక నుంచి కేకలేసేది.

ఇప్పుడు నమ్ముతున్నానని కూడా చెప్పను. సిద్దిపేటలో మా సొంత ఇంట్లో, పట్టపగలు, నా చేత్తో నేను తీసిన ఫోటోల్లో ఏం కనిపించిందో అది చెప్తాను. దానికి కారణం తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే నాకంటే సంతోషించేవాళ్లు ఉండరు.

ముందు మా అమ్మ గురించి చెప్పాలి. నేను పాకే వయసులో అమ్మ పోయింది. ఆమె మొహం నాకు తెలియదు. ఒక్క ఫోటో కూడా లేదు. పెళ్లికి ఫోటోగ్రాఫర్‌ను పిలిచారట గానీ, కడగక ముందే కెమెరా మూత తెరుచుకుని, రీలు మీద వెలుతురు పడి మొత్తం పాడైపోయిందట. మళ్లీ ఎప్పుడైనా దిగుదాంలే అనుకున్నారు. ఆ ఎప్పుడైనా రాలేదు.

చిన్నప్పటి నుంచీ అద్దం ముందు నిలబడి లెక్కలు వేసేదాన్ని. ముక్కు బాపుది, అంటే మా నాన్నది, చెవులు బాపువి, నుదురు కూడా బాపుదే. అవన్నీ తీసేస్తే మిగిలింది అమ్మ. ఆ మిగిలినవాటితో ఒక మనిషిని తయారు చేద్దామని కళ్లు మూసుకుంటే ఎప్పుడూ కుదిరేది కాదు. ఇంత వయసొచ్చినా ఆ ఆశ పోలేదు. అమ్మ మొహం ఒక్కసారి చూడాలి.

బాపు మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. ఆమెనే నేను చిన్నమ్మ అంటాను. సవతి తల్లి అంటే లోకం ఏమనుకుంటుందో తెలుసు. నా సవతి తల్లి నాకు జ్వరమొస్తే తెల్లార్లూ కాళ్లు పట్టేది. తల దువ్వేటప్పుడు మాత్రం పగవాళ్ల జుట్టు పీకినట్టు పీకేది. ఇప్పటికీ చేపల కూర వండితే తలకాయ నా గిన్నెలోనే వేస్తుంది.

చిన్నమ్మ మెడలో పుస్తెలతాడుతో పాటు నల్లదారానికి ఒక చిన్న వెండి బిళ్ల ఉంటుంది. మొదటి భార్య పోయినవాణ్ని చేసుకున్న ఆడది మా వైపు కట్టుకునే సవితి పుస్తె అది. పోయినామెకు గుర్తు. ఆమెకు కోపం రాకుండా మెడలో ఇంత చోటిచ్చినట్టు. కొత్త చీర ఏది తెచ్చినా చిన్నమ్మ ముందు ఆ బిళ్లకు తాకించి, "అక్కా, నీదైనంకనే నాది" అని గొణిగి అప్పుడు కట్టుకుంటుంది.

"ఆమెకు జాకెట్ కొలతలు కూడా పంపు చిన్నమ్మా" అని ఏడిపించేదాన్ని. నవ్వేది గానీ, ఆ పని మాత్రం ఒక్కసారీ మానలేదు.

బడి మానేశాక నాకు ఫోటోల పిచ్చి పట్టింది. మా ఇల్లు కిందా పైనా. కింద బాపు, చిన్నమ్మ. పైన నేను, మా ఆయన. ఆయనకు విత్తనాల దుకాణం ఉంది కాబట్టి పొద్దంతా ఇంట్లో ఉండడు. పైన ముందు గదిని స్టూడియో చేసుకున్నాను. చంటిపిల్లల ఫోటోలు, పెళ్లి సంబంధాలకు పంపే ఫోటోలు తీయాలని ఆలోచన. ఒక కెమెరా, ఒక స్టాండు, సాఫ్ట్‌బాక్స్ ఒకటి కొన్నాను. సాఫ్ట్‌బాక్స్ అంటే పెద్ద లైటుకు తెల్ల గుడ్డ కప్పిన చతురస్రపు డబ్బా. వెలుతురు మొహాన్ని గుచ్చకుండా మెత్తగా పడుతుంది.

ఫోన్‌లో వీడియోలు చూసి నేర్చుకున్నాను. మొదట కోడిగుడ్డును స్టూలు మీద పెట్టి, లైటు ఎటు పెడితే నీడ ఎటు పడుతుందో చూడమన్నారు. వారం పాటు గుడ్డుకు ఫోటోలు తీశాను. చివరికి చిన్నమ్మ దాన్ని పులుసులో వేసింది. "ఇంతగనం ఫోటోలు దిగిన గుడ్డు సిద్దిపేటల ఇంకోటి లేదు" అంది వడ్డిస్తూ.

ఆ తర్వాత నేర్చుకున్న పాఠం ఈ కథకంతా ముఖ్యం. మనిషి పక్కన ఏ రంగు ఉంటే ఆ రంగు మొహం మీద పడుతుంది. కంటికి తెలియదు, కెమెరాకు తెలుస్తుంది. బతుకమ్మను చేతుల్లో ఎత్తుకున్న ఆడవాళ్ల గదవల కింద, అంటే గడ్డాల కింద, తంగేడు పూల పసుపు కనిపిస్తుంది చూడండి, అదే. మా ముందు గది గోడలు చిలకాకుపచ్చవి. మొదట్లో నేను తీసిన ప్రతి మనిషీ కామెర్లొచ్చినట్టు కనిపించాడు. అందుకని గోడలన్నిటికీ బూడిదరంగు గుడ్డ వేలాడదీశాను. గదిలో రంగున్న వస్తువు ఏదీ ఉంచలేదు. ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ, దేవుడి క్యాలెండరు, పరదాలు, అన్నీ బయటికి పోయాయి.

చేయి కాస్త కుదిరాక, మొదటి అసలు ఫోటో బాపుదీ చిన్నమ్మదీ తీయాలనుకున్నాను. అమ్మ విషయంలో జరిగింది వీళ్ల విషయంలో జరగకూడదు. బాపు ముందు బెట్టు చేశాడు.

"గిప్పుడు ఫోటో ఎందుకే, నేనేమన్న పెండ్లిపిలగాన్నా?" అన్నాడు. అంటూనే పోయి గడ్డం గీసుకొచ్చాడు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక కూర్చోబెట్టాను. బాపు తెల్ల చొక్కా. అతని ఎడమ పక్కన చిన్నమ్మ, ముదురు నీలం చీర. ఇన్నేళ్లు కాపురం చేశారు, ఒకరి పళ్లెంలో ఒకరు తిన్నారు, కెమెరా ముందు కూర్చునే సరికి మధ్యలో జానెడు ఖాళీ వదిలారు. దగ్గరికి జరగండి అంటే ఇద్దరూ సిగ్గుపడి ఇంకాస్త దూరం జరిగారు.

లైటు బాపు కుడివైపు నుంచి పెట్టాను. అంటే అతని ఎడమ చెంప నీడలో ఉండాలి. రెండు మూడు ఫోటోలు తీసి చూస్తే, చిన్నమ్మ మెడలో వెండి బిళ్ల లైటుకు తళుక్కుమని తెల్లటి మచ్చలా పడుతోంది. లైటు జరిపాను, పోలేదు. రవిక లోపలికి తోయమన్నాను, ఊపిరి పీల్చినప్పుడల్లా బయటికొచ్చింది. విసుగొచ్చి, "అది కాసేపు తీసి పెట్టు చిన్నమ్మా" అన్నాను.

చిన్నమ్మ చేయి బిళ్ల మీదికి పోయింది. "లగ్గమైన కాన్నుంచి తియ్యలే బిడ్డా."

"ఫోటో దిగిన వెంటనే కట్టుకుందువు గానీ."

ఆమె బాపు వైపు చూసింది. దారం ముడి విప్పి, బిళ్లను కళ్లకద్దుకుని కిటికీ గూట్లో పెట్టింది. నేను ఫోటోలు తీశాను.

సాయంత్రం కంప్యూటర్లో పెద్దగా చేసి చూసినప్పుడు నాకు మొదట కోపమొచ్చింది. బాపు ఎడమ చెంప నీడలో లేదు. మెత్తటి వెలుగు పడి ఉంది. ఆ వెలుగుకు రంగుంది. ఎరుపు కాదు, కాషాయం కాదు, ఆ రెంటి మధ్య. చెవి కింది నుంచి గదవ దాకా పాకింది. చిన్నమ్మ చీర రంగు పడితే నీలంగా పడాలి. చిన్నమ్మ మొహం చూశాను. ఆమె కుడి చెంప మీద, అంటే బాపు వైపున్న చెంప మీద, అదే రంగు. ఇద్దరి మధ్యా ఉన్న జానెడు ఖాళీకి రెండు వైపులా.

ఆ ఖాళీలో ఏముంది? వెనక వేలాడదీసిన బూడిదరంగు గుడ్డ. అంతే.

కెమెరాలో రంగుల సెట్టింగు తప్పితే ఫోటో మొత్తం మారాలి, రెండు చెంపలే మారవు. బాపు చొక్కా తెల్లగానే ఉంది. లైటు పాడైతే బాపు కుడి చెంప మీద కూడా తెలియాలి. గదంతా వెతికాను. స్టూలు కింద, తలుపు వెనక, కిటికీ బయట. ఎవరైనా డాబా మీద ఎర్ర చీర ఆరేశారేమోనని మా ఆయన అన్నాడు. కిటికీ మూసే ఉంది, తీగ మీద ఆయన బనియన్లు తప్ప ఏమీ లేవు. బిళ్ల తీయక ముందు తీసిన ఫోటోలు కూడా చూశాను. వాటిలో బాపు ఎడమ చెంప నీడలోనే ఉంది.

ఆ తేడా మెదడును తొలిచేసింది. బడిలో పిల్లలకు చెప్పేదాన్ని, ఒక్కటే మార్చి మిగతావన్నీ అట్లాగే ఉంచి చూడాలని. తర్వాతి ఆదివారం మళ్లీ కూర్చోబెట్టాను. అవే బట్టలు, అదే లైటు, అదే వేళ. బిళ్ల మెడలో ఉండగా కొన్ని, తీసేసి కొన్ని. మళ్లీ కట్టించి కొన్ని, మళ్లీ తీయించి కొన్ని. ఎందుకో చెప్పలేదు. బిళ్ల ఉన్నప్పుడల్లా చెంప నీడలో ఉంది. తీసినప్పుడల్లా ఆ రంగు వచ్చింది.

చివరికి నల్లరంగు పూసిన థర్మోకోల్ షీటు ఒకటి తెచ్చి, ఇద్దరి మధ్య నిలబెట్టబోయాను. నలుపు ఏ వెలుగునూ రానివ్వదు. షీటు వేలెడు మందం కూడా లేదు.

"వద్దే, జాగ సాలదు" అన్నాడు బాపు.

జానెడు ఖాళీ అట్లాగే ఉంది. అన్నాక బాపు కూడా పక్కకు చూసుకున్నాడు, తన నోట్లోంచి ఆ మాట ఎట్లా వచ్చిందా అన్నట్టు. షీటు గోడకు ఆనించి, ఇవాళ్టికి చాలన్నాను.

బాపుకు చూపించక తప్పలేదు. చిన్నమ్మ బిళ్లను గూట్లోనే మరిచి కిందికి దిగాక అతన్ని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, చెంపను పెద్దగా చేసి చూపించాను. కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు.

"గీ రంగు ఏడికెల్లి వచ్చిందే?"

తెలియదన్నాను.

"మీ అవ్వ లగ్గం చీర. మోదుగుపువ్వు రంగు. గా చీర కట్టే సాగనంపినం."

అమ్మ గురించి బాపు నోట అంత మాట నేనెప్పుడూ వినలేదు. చిన్నమ్మ మనసు నొచ్చుకుంటుందని ఆ పేరే ఎత్తేవాడు కాదు. చీర రంగు నాకు తెలియదు, చిన్నమ్మకూ తెలియదు. అది తెలిసిన మనిషి మా ఇంట్లో బాపు ఒక్కడే, అతనికి ఫోటోలో రంగులు దిద్దడం కాదు గదా, ఫోన్‌లో వచ్చిన ఫోటో తెరవడం కూడా రాదు.

ఆ సాయంత్రమే చిన్నమ్మకు జ్వరమొచ్చింది. దవాఖానకు తీసుకుపోయాం. ఊళ్లో అందరికీ వస్తున్న జ్వరమే అన్నారు, మందులిచ్చారు. వీధిలో ఇంటికొకరు పడుకుని ఉన్నారు, నిజమే. ఆ మాట దాచను. అయితే ఒళ్లు కాలుతున్నప్పుడు చిన్నమ్మ ఒకే మాట మళ్లీ మళ్లీ అంది. "ఎవలో పక్కకు జరుగు జరుగు అంటున్నరే." మంచం మీద ఆమె ఒక్కతే ఉంది. పక్కన ఎవరికైనా సరిపోయేంత జాగ వదిలి, గోడకు కరుచుకుని పడుకుంది.

నేనే వెళ్లి కిటికీ గూట్లోని బిళ్ల తెచ్చి మెడలో కట్టాను. సైన్స్ టీచర్‌ను. ఊడకుండా రెండు ముళ్లు వేశాను. మర్నాటికి జ్వరం దిగింది. మందులకే దిగి ఉండొచ్చు.

ఇక ఆ ఆట కట్టిపెట్టాను. ఫోటోలు మాత్రం చెరిపేయలేదు. ఎవరూ లేనప్పుడు తెరిచి, ఆ జానెడు ఖాళీని పెద్దగా చేసి చూసేదాన్ని. ఎంత పెద్దగా చేసినా బూడిదరంగు గుడ్డ నేతే కనిపించేది. నిజం చెప్తున్నాను, అప్పటికి నాకు భయం పోయింది. దాని జాగాలో ఆశ వచ్చి కూర్చుంది. చీర రంగు పడిందంటే చీర కట్టుకున్న మనిషి ఉన్నట్టే గదా. మొహం కూడా ఉండాలి గదా. బిళ్ల తీసి ఇంకొక్కసారి కూర్చోమని చిన్నమ్మను అడగాలని నాలుక చివరి దాకా వచ్చేది. జ్వరంలో గోడకు కరుచుకున్న ఆమె గుర్తొచ్చి మింగేసేదాన్ని. కన్నతల్లి మొహం కోసం పెంచిన తల్లిని ఎట్లా అడుగుతాం?

నా చూపు చిన్నమ్మకు తెలియకుండా ఎట్లా ఉంటుంది. బాపు కూడా ఆమెకు రంగు సంగతి చెప్పేశాడని తర్వాత తెలిసింది. పెత్రామాస నాడు పోయిన పెద్దలకు బట్టలు పెట్టేటప్పుడు చూస్తే, పీట మీద మోదుగుపువ్వు రంగు చీర ఉంది. బజారంతా తిరిగి తెచ్చిందట. ఆ చీరను తను కట్టుకోలేదు. మడత పెట్టి బీరువాలో దాచింది.

కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం నేను ఒక్కదాన్నే స్టూడియోలో ఉండగా చిన్నమ్మ మెట్లెక్కి వచ్చింది. మెడలో దారం విప్పింది. బిళ్లను గూట్లో పెట్టింది.

"కూసో గాడ" అంది స్టూలు చూపిస్తూ. "నేను నొక్కుత."

"వద్దు చిన్నమ్మా. అప్పుడు జ్వరమొచ్చింది, మరిచిపోయావా?"

"మర్వలే. గప్పుడు అక్క పక్కకు జరుగు అంటె నన్ను ఎల్లగొడుతుందనుకున్న. తర్వాత సమజైంది బిడ్డా. ఆమె బిడ్డను సూసుకోవాలె, నడుమ నేనున్న. జర జరుగుమన్నది, గంతే." కొంగుతో మొహం తుడుచుకుంది. "నీకు సూడాల్నని లేదా?"

నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు. ఏ మీట నొక్కాలో నాలుగుసార్లు అడిగి తెలుసుకుంది. కెమెరా స్టాండు మీద బిగించి, అన్నీ సరిచేసి, నేను పోయి స్టూలు మీద కూర్చున్నాను. లైటు నాకు ఎదురుగా, కాస్త పైన. కెమెరా పక్కకు ఉంది, దాని వెనక చిన్నమ్మ. నా దగ్గర ఎవరూ లేరు. చల్లదనం, వాసన, చప్పుడు, అట్లాంటివేవీ నాకు తెలియలేదు. కింద బాపు రేడియో వింటున్నాడు. చిన్నమ్మ ఊపిరి బిగబట్టి నొక్కింది. ఒక్కటే ఫోటో. వెంటనే బిళ్ల కట్టుకుంది.

ఇద్దరం కలిసే చూశాం.

నా చెంపల మీద ఏమీ లేదు. రంగు నా నుదుటి మీద ఉంది. పాపిట నుంచి కనుబొమల దాకా మోదుగు రంగు, లైటుకు పల్చటి చీర చెంగు అడ్డం పట్టినట్టు. బాపుకు పక్క నుంచి పడింది. నాకు పైనుంచి పడింది, చాప మీద పడుకున్న పాప పైకి ఎవరైనా వంగితే పడ్డట్టు.

మనిషి ఫోటో తీస్తే కంట్లో లైటు కనిపిస్తుంది. సాఫ్ట్‌బాక్స్ అయితే తెల్లటి చతురస్రం. నేను తీసిన ప్రతి మొహంలోనూ అది ఉంది. నా కంటిని పెద్దగా చేశాను. ఒక మూలకు కెమెరా, దాని వెనక చిన్నమ్మ నీలి ఆకారం, గింజంత. నడుమ తెల్ల చతురస్రం. అది పూర్తిగా లేదు. కింది సగాన్ని ఏదో కప్పింది. గుండ్రంగా పైకి లేచి, రెండు పక్కలా భుజాల్లా జారింది. రెండు కళ్లలోనూ అదే.

మొహం లేదు. నల్లగా ఉంది. కంప్యూటర్లో నీడను ఎంత తెల్లగా చేసినా ఇసుక చల్లినట్టు చుక్కలు తప్ప ఏమీ రాలేదు. ఫోటోలు నేర్చుకునేవాళ్లకు మొదటి రోజే చెప్తారు, వెనక వెలుతురుంటే ఎదుటి మనిషి మొహం కనిపించదని. ఆమె లైటుకు వీపు పెట్టి నిలబడింది.

"కనవడ్డదా?" అంది చిన్నమ్మ. ఆమె కళ్లజోడు కిందనే మరిచిపోయి వచ్చింది.

"మొహం కనిపించలేదు చిన్నమ్మా."

"మరి?"

"నా దిక్కే చూస్తోంది."

చిన్నమ్మ తెర మీద నా నుదుటిని వేలితో ముట్టుకుంది. తర్వాత నా అసలు నుదుటిని ముట్టుకుంది. ఆమెకు జ్వరం రాలేదు, ఆ రోజూ రాలేదు, తర్వాతా రాలేదు.

ఫోటోల పని తెలిసిన ఒకరిద్దరికి ఆ ఫోటో చూపించాను. లెన్సు లోపల ఏదో ప్రతిబింబం పడిందన్నారు ఒకరు. మీరే తర్వాత దిద్ది ఉంటారు, ఒప్పుకోండన్నారు ఇంకొకరు. వాళ్లతో వాదించలేదు, వాళ్ల స్థానంలో ఉంటే నేనూ అదే అనేదాన్ని. ఆ రంగు ఎక్కడి నుంచి పడిందో, ఆ లైటుకు ఎవరు అడ్డం నిలబడ్డారో నాకు ఇవాళ్టికీ తెలియదు. అద్దం ముందు లెక్కలు వేయడం మాత్రం మానేశాను.

ఇప్పుడు స్టూడియోకు మనుషులు బాగానే వస్తున్నారు. చిన్నకోడూరు నుంచి, బెజ్జంకి నుంచి కొత్తజంటలు వస్తాయి. సిగ్గుతో ఎడంగా కూర్చుంటే, నడుమ బస్సు పోతుంది, దగ్గరికి జరగండని కసురుతాను. బాపునూ చిన్నమ్మనూ కూర్చోబెట్టినప్పుడు మాత్రం ఆ మాట అనను.